టీచరమ్మ ఫోనులో మా గొంతులు

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు చీటీ చదివారు. మా దీవుల్లోని రంగత్‌లో మాకు తెలుగు చెప్పిన టీచరమ్మ శనివారం చనిపోయారు. సాయంత్రానికి బడి వాట్సాప్ గ్రూపులో పూలదండ బొమ్మ వచ్చింది. కింద విద్యాశాఖ ఆఫీసువాళ్లు 'డిజిటల్ బోధనకు ఎనలేని సేవ' అని రాశారు. నిరుడు ఆవిడకు మెమో ఇచ్చింది కూడా ఆ పెద్దమనుషులే. చావింటి మర్యాద అని ఈ మాట నేను దాచను.

మేమంతా తెలుగు గలగలా మాట్లాడేవాళ్లం. పుస్తకం తెరిస్తే నోరు పెగిలేది కాదు. టీచరమ్మ ఒక్కొక్కరి చేత పాఠం చదివించి ఫోనులో రికార్డు చేసేవారు. మూడు నెలలకి అదే పాఠం మళ్లీ చదివించి, రెండూ వినిపించేవారు. "నీ మార్కు నువ్వే విను," అనేవారు. తడబడితే అందించేవారు కాదు, ఆగేవారు. పక్కవాడు అందించబోతే, "వాడి మాట వాడే తెచ్చుకుంటాడు, నువ్వు కూర్చో," అనేవారు. నెట్ రాని ఊళ్ల పిల్లల కోసం పాఠాలు మెమరీ కార్డులోకి ఎక్కించి, అగ్గిపెట్టెలో పెట్టి బస్సు కండక్టరు చేత పంపేవారు.

నేను పదితో బడి మానేసి, రిపేరు పని సొంతంగా నేర్చుకుని, పట్నంలో బతు బస్తీలో మొబైల్ షాపు పెట్టాను. ఫోను మార్చినప్పుడల్లా పాత గొంతులన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించమని ఆవిడ నా దగ్గరికే వచ్చేవారు. నా గొంతున్న ఫైలు మాత్రం నేనెప్పుడూ తెరవలేదు. సిగ్గు.

నిరుడు పరీక్షలన్నీ పోర్టల్లోకి మారాయి. ప్రశ్నకి అర నిమిషం. నెట్ పోతే సున్నా. ఆ సున్నాలు ఎక్కించనని టీచరమ్మ మొండికేశారు. పిల్లల గొంతులు పెన్‌డ్రైవులో వేయించుకుని విద్యాశాఖ ఆఫీసుకి వెళ్లారు. అక్కడి సారు దాన్ని కంప్యూటరుకి పెట్టనైనా లేదు.

"మేడమ్, ఆవాజ్ కా కాలమ్ నహీ హై. నంబర్ వేసేయండి, బస్," అన్నాడట. గొంతు ఎక్కించడానికి పోర్టల్లో గడి లేదని.

ఆవిడ వేయలేదు. 'మూల్యాంకనం చేయలేదు' అని మెమో వచ్చింది. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని చెవిపెట్టి విన్న మనిషికి!

"నన్నే ఫెయిల్ చేశార్రా," అని నా షాపు స్టూలు మీద కూర్చుని నవ్వారు. మెమోలోని ఆ ఒక్క మాట కొట్టేయించాలని రెండుసార్లు జవాబు రాశారు. బదులు రాలేదు. ఇప్పుడిక ఎవరికి ఇస్తారు?

సమాధి కార్యక్రమం అయిన వారానికి వాళ్లబ్బాయి ఆ ఫోను తెచ్చాడు. పాపకి ఆన్‌లైన్ క్లాసుకి కావాలట.

"సబ్ ఉడా దో భయ్యా. అన్నీ తుడిచెయ్, పాతవే కదా," అన్నాడు.

తిట్టాలనిపించింది. అన్నీ నా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాకే తుడిచాను. అప్పుడు మొదటిసారి నా పేరున్న ఫైలు తెరిచాను. నాలుగో క్లాసు గొంతు. ఒక వాక్యం చదివి రెండోదాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఫ్యాను చప్పుడు. ఎక్కడో బస్సు హారన్. ఎవడో కిసుక్కుమన్నాడు, ఆవిడ ఉష్ అన్నారు. మళ్లీ ఫ్యాను చప్పుడే.

ఆ మాట నాకిప్పుడు తెలుసు. అయినా అందించలేదు. ఫైలు లోపల ఆవిడ ఇంకా ఆగే ఉన్నారు.