అన్నయ్య చేతులు కడుక్కొచ్చేలోగా

పదకొండేళ్లుగా ఒక గెలుపు నా మెడకు గుదిబండలా వేలాడుతోంది. ఓడినవాడు బాధపడటం సహజం. గెలిచిన నాకెందుకీ బాధ? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నేనూ సన్యాసిరావు అన్నయ్యా ఒకే షెడ్డు. భోజనాల వేళ బెంచీ మీద చదరంగం ఆడేవాళ్లం. నాకు ఆట నేర్పింది ఆయనే. గ్రీజు చేతులతో పావులు ముట్టుకునేవాడు కాదు. గోళ్ల సందులదాకా సబ్బుతో తోముకుని వచ్చి కూర్చునేవాడు. ఆ ఏడు వర్క్‌షాపు పోటీలో ఫైనల్‌కు మేమిద్దరమే మిగిలాం. గెలిచినవాడికి రైల్వే జట్టులో చోటు. దానికోసం ఆయన కింగ్స్ గాంబిట్‌ను, అంటే రెండో ఎత్తులోనే ఒక బంటును ఎరవేసి దాడికి దిగే ఆరంభాన్ని, నెలల తరబడి సానబట్టి షెడ్డులో రోజువారీ పని రాసిచ్చే పాత జాబ్ కార్డుల వెనక రాసుకున్నాడు. ఫైనల్‌కు వారం ముందు ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆ కార్డులు బెంచీ మీదే ఉన్నాయి. ఫోన్‌తో ఫొటోలు తీశాను. ఇంటికెళ్లి అదే ఫోన్‌లోని చెస్ ప్రోగ్రామ్‌ను అడిగి విరుగుడు బట్టీపట్టాను.

అంతటితో ఆగినా ఇంతగా కుమిలేవాణ్ణి కాదేమో. ముందే తెలిసిన ఆ విరుగుడు ఎత్తు వేయడానికి ఫైనల్లో ఇరవై నిమిషాలు తల పట్టుకుని ఆలోచిస్తున్నట్టు నటించాను. సిగ్గుమాలిన పని. ఆట అయ్యాక ఆయన అడిగాడు.

"ఏటి తమ్ముడూ, ఆ ఎత్తు అప్పటికప్పుడే సూసినావా?"

"అవునన్నయ్యా. బోర్డు మీదే తట్టింది."

"అయితే నాను ఇన్నాళ్లూ కట్టింది పేకమేడేనన్నమాట."

అని నా భుజం తట్టాడు. అప్పుడైనా నోరు విప్పి ఉండకూడదా? ఆయన మళ్లీ ఆ ఆరంభం ఆడలేదు. కొన్నాళ్లకు ఆటే మానేశాడు.

మొన్న మలంచా బజార్లో కనిపించాడు. కూతురు చదరంగం నేర్చుకుంటోందట. కింగ్స్ గాంబిట్ ఆడతానని సరదాపడితే, అది పనికిరాదమ్మా, మీ బాబాయి ఒక్క చూపుతో విరగ్గొట్టేశాడని చెప్పి మాన్పించాడట. నవ్వుతూనే చెప్పాడు. నా అబద్ధం ఆ పిల్ల దాకా పాకింది.

ఈ ఆదివారం తాల్‌బగీచాలో వాళ్లింటికి వెళ్తున్నాను. ఇద్దరి ముందూ చెబుతాను. క్షమిస్తాడా? గుమ్మంలోంచే పొమ్మంటాడేమో, అననీ. ఆ పిల్ల వాళ్ల నాన్న ఆట ఆడుకుంటే నాకంతే చాలు. అక్కడ చెప్పబోయే మాట ముందు మీ దగ్గర అంటున్నాను, అంటుంటేనే ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆ విరుగుడు చెప్పింది ఫోన్; వర్క్‌షాపులో అన్నయ్య ఆటను ఏ మనిషీ విరగ్గొట్టలేదు. నేనూ విరగ్గొట్టలేదు.