ఆత్మకూరు నుంచి తెచ్చిన చేపల ఉత్తరాలు

ఆ రోజుల్లో నాకు ముఖం తెలియని స్నేహితులు బోలెడుమంది ఉండేవాళ్లు. వాళ్ల వల్ల నాకు ఒక్క పూట మనశ్శాంతి దొరికిన పాపాన పోలేదు.

కంప్యూటరులో ఉత్తరాలు రాసుకునే చేపల పిచ్చోళ్ల గుంపు అది. అద్దాల తొట్టెలో రంగు చేపలు పెంచుకునేవాళ్లు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో అందులో చేరారు. ఒకరు ఏదైనా అడిగితే అది అందరికీ పోతుంది. అందరూ జవాబులు రాస్తారు, అడిగినదానికి తప్ప. తొంభైల చివర్లో, ఉదయగిరి హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ, నేనూ ఆ గుంపులో పడ్డాను. టీచరమ్మకు ఏం పని లేక చేపల సరదా పట్టిందని స్టాఫ్ రూములో అనుకునేవాళ్లు. సరదా, నా మొహం!

మా నాయనకు పక్షవాతం వచ్చింది. అమ్మ అంతకు ముందే పోయింది, ఇంట్లో నేనూ ఆయనే. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. నెల్లూరు డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమన్నాడు. "చెయ్యిని ఊరికే వదిలేస్తే బిగుసుకుపోతుందమ్మా, మళ్లీ రాదు" అని నాతో గట్టిగా చెప్పాడు. నాయన ఇంటికి రాగానే ఆ బంతిని ఎడమ చేత్తో పిల్లి మీదికి విసిరేశాడు. వయసంతా లారీ తోలిన మనిషి, బంతి పిసుకుతాడా? బతిమాలాను, అరిచాను, అన్నం పెట్టనని బెదిరించాను. ఊహూఁ, మంచం దిగితే ఒట్టు.

ఆస్పత్రి హాల్లో ఒక చేపల తొట్టె ఉండేది. రెండోసారి చూపించుకోవడానికి పోయినప్పుడు దాని ముందు నుంచి ఆయన్ని లేపడం నా తరం కాలేదు. నోరు కొంచెం తెరుచుకుని, చేప ఎటు పోతే అటు తల తిప్పుతూ కూర్చున్నాడు. ఆ సాయంత్రమే నెల్లూరులో ఒక తొట్టె, బుడగలు తెప్పించే చిన్న మోటారు, నాలుగు బంగారు రంగు చేపలు కొన్నాను. చేపల్ని నీళ్ల కవరులో వేసుకుని, నాయన్ని ఒకపక్క పట్టుకుని ఉదయగిరి బస్సులో వస్తుంటే పక్క సీటు మనిషి కవరు వంక చూసి, "కూరకు చాలవే అమ్మా" అన్నాడు. నాయన ముసిముసిగా నవ్వాడు.

మేత డబ్బాను కావాలనే ఆయన కుడివైపు పెట్టేదాన్ని. మొదట ఎడమ చెయ్యి అటు చాచాడు, అందలేదు, నన్ను తిట్టాడు, ఆఖరికి కుడిచెయ్యి లేపాడు. చిటికెడు మేత పట్టుకోవడానికి వేళ్లు తడబడేవి, సగం నేల పాలయ్యేది. అయినా రెండు పూటలా ఆ చెయ్యి లేచేది. నాకు చేపల మీద ఏ ప్రేమా లేదు. అవి ఉన్నన్నాళ్లు చెయ్యి లేస్తుంది, అవి పోతే చెయ్యి పోతుంది. అంతే నాకు తెలిసిన లెక్క.

మా తమ్ముడు ఆత్మకూరులో కంప్యూటర్ సెంటరు నడిపేవాడు. అక్కడ ఫోను తీగకు తగిలించిన ఇంటర్నెట్టు ఉండేది, అదీ నెల్లూరు లైను దొరికితేనే. "ఈ గుంపులో అడుగక్కా, నీకు మొత్తం చెప్తారు" అని వాడే నన్ను చేర్పించాడు. ఇక ప్రతి ఆదివారం పొద్దున బస్సెక్కి ఆత్మకూరు పోవడం, వాడు కీచు కీచుమనే మోడెం పెట్టెతో కుస్తీ పట్టి ఉత్తరాలన్నీ దించుకోవడం, నేను వాటిని ప్రింటు తీయించి సంచిలో పెట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరడం. చర్చిలో పాస్టరుగారు, "ఆదివారం ఆరాధన మానేసి చేపల దగ్గరికి పోతుందంట" అని నా గురించి ప్రార్థన కూడా చేయించారు.

ఆ ఉత్తరాలు చదివితే మనిషన్నవాడికి ఒళ్లు మండకుండా ఉండదు. బెంగుళూరులో ఒక ఇంజనీరు ఉండేవాడు. ఎవరు ఏం అడిగినా ఆయన ముందుగా తొట్టె కొలతలు అడిగేవాడు. చేపకు జబ్బు చేసిందన్నా అదే, చేప గుడ్లు పెట్టిందన్నా అదే. పూనాలో ఒక డాక్టరు నీళ్లు పరీక్ష చేయించనిదే మాట్లాడేవాడు కాదు. మద్రాసులో ఒక పెద్దావిడ ఉండేది, చేపల గురించి ఒక ముక్క రాస్తే కోడలి గురించి పది ముక్కలు రాసేది. కోడలు సాంబారులో బెల్లం వేసింది, కోడలు ఫ్రిజ్ తాళం దాచింది, కోడలు పుట్టింటికి పోయి రావడం లేదు. చేపలు మనుషుల్ని గుర్తుపడతాయా పట్టవా అని ఒకసారి మొదలుపెట్టి నెలంతా కొట్టుకున్నారు. ఇద్దరు అలిగి గుంపు వదిలిపోయారు, మళ్లీ వచ్చారు.

ఎండాకాలంలో మా బోరు అడుగంటింది. ట్యాంకరు నీళ్లు పట్టి తొట్టెలో పోశాను. పొద్దునకు ఒక చేప వెల్లకిలా తేలింది. ఏం తప్పు జరిగిందని గుంపును అడిగితే, ఆ నీళ్లలో బ్లీచింగు ఉంటుంది, ఒక రోజు నిలవ ఉంచి పోయాలని వారం తర్వాత జవాబు వచ్చింది. వారం! ఆ జవాబుతో పాటు, ఈ మాత్రం తెలియనివాళ్లు చేపల్ని పెంచకూడదని ఇంకో ముగ్గురు చీవాట్లు. మాకు తాగడానికే బిందె నీళ్లు గగనమైతే, వీళ్లు వారానికోసారి తొట్టె నీళ్లు మార్చమంటారు. ఆ మాట పక్కింట్లో మేం ఖాలా అని పిలుచుకునే సాయిబులామెకు చెబితే, "వాళ్లనొక్కసారి మన వీధిలో బిందెతో నిలబెట్టమ్మా, తెలుస్తాది" అంది.

ఇంతకీ ఆ కాగితాల కోసం ఎదురుచూసింది నేను కాదు, నాయన. ఆదివారం సాయంత్రం నేను చెప్పులు విడవకముందే, "చదువు" అనేవాడు. నేను ఒక్కొక్కటీ తెలుగులోకి తిప్పి చెబుతూ, మధ్యమధ్యలో తిడుతూ చదివేదాన్ని. బెంగుళూరాయన పేరెత్తితే చాలు, "వాడికి తొట్టె తప్ప ఇంకేం లేదు" అని ముద్దమాటలతో విసుక్కునేవాడు. మద్రాసావిడ ఉత్తరం మాత్రం రెండుసార్లు చదవమనేవాడు. ఆయన కోడలి పక్షం. "ఫ్రిజ్ తాళం దాచింది మంచి పనే. ముసిల్ది అన్నీ తింటా ఉండాది" అని తీర్పు చెప్పేవాడు. నాకేమో ఆ చెత్తంతా చదివి నోరు ఎండిపోయేది.

కరెంటు కోతలు ముదిరాయి. కరెంటు పోతే బుడగలు ఆగిపోయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి. మోటారు ఆగితే ఏం చేయాలి చెప్పండి మహాప్రభో అని గుంపుకు రాశాను. బ్యాటరీతో నడిచే విదేశీ మోటారు కొనమని ఒకరు. జనరేటరు పెట్టుకోమని ఒకరు. ఆ మాట చదివి మా తమ్ముడు పడీపడీ నవ్వాడు. బెంగుళూరు ఇంజనీరు మాత్రం, అటువంటి ఊళ్లో అసలు చేపలు ఎందుకు, ఎవరికైనా ఇచ్చేయరాదా అని రాశాడు. అటువంటి ఊరంట! నాకు తల తిరిగిపోయింది. మా నాయన చెయ్యి గురించి, డాక్టరు మాట గురించి, అంతా వరసగా టైపు కొట్టి, ఆయన్నీ ఆయన తొట్టెనూ కడిగిపారేశాను. పంపబోతే లైను తెగింది. తమ్ముడు, "పోనీలే అక్కా, మంచిదే అయింది" అన్నాడు. వాడి మీదా అరిచాను. మద్రాసావిడ మాత్రం, కోడలు తిరిగొచ్చిన సంగతి అంతా రాసి, చివర్న, కరెంటు పోతే చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ ఉండండి, గాలి అందుతుంది అని ఒక ముక్క రాసింది. అది నాయనకు చదివి వినిపించాను. కోడలు తిరిగొచ్చిందని ఆయన సంతోషపడ్డాడు.

ఆ తర్వాతి ఆదివారం నేను ఆత్మకూరులో ఉండగా మధ్యాహ్నం గాలి లేచింది. వాన చుక్క లేదు, ఒట్టి గాలి, దుమ్ము. ఉదయగిరి నుంచి వచ్చిన బస్సులో ఒకాయన దిగి, "మాకాడ పొద్దన్నుంచే గాలి, స్తంభాలు పడిపోయినాయి, కరెంటు లేదు, ఈ రోజుకు రాదు" అన్నాడు. ఖాలావాళ్ల ఇంటికి ఫోను చేస్తే మోగలేదు. దొరికిన బస్సెక్కాను. దుత్తలూరు దాటాక రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఉంది, దాన్ని నరికేదాకా అందరం దిగి నిలబడ్డాం. సంచిలో ఆ వారం ఉత్తరాలు ఉన్నాయి. మళ్లీ బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చుని వాటిని ఒకసారి తిరగేశాను. ఎర్ర చేప మంచిదా నల్ల చేప మంచిదా అని గొడవ. చించి రోడ్డు మీద పారేద్దామనిపించింది.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. ఖాలా వాకిట్లోనే ఎదురొచ్చింది.

"రామ్మా, రా. మీ నాయన నన్ను చెంబు ముట్టుకోనీడం లేదు. కరెంటు పోయినప్పట్నుంచీ పోస్తానే ఉండాడు. రెండు చేతుల్తో పోసినాడు. అన్నం తినమంటే తిడతాడు."

లోపల నాయన తొట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేలంతా నీళ్లు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెంబు ముంచుతున్నాడు, ఎత్తుతున్నాడు, పోస్తున్నాడు. మూడు చేపలూ తేలి ఉన్నాయి. అవి ఎప్పుడు పోయాయో ఏమో. ఆయన పోసే నీళ్లకు అవి అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, అంతే.

"చాలు నాయనా. పోయినాయి."

"ఇంకొంచేపు."

"పోయినాయి అంటుంటే!" అని అరిచి చెంబు లాక్కున్నాను. ఆయన నా మొహం వంక చూసి, "ఆ ముదనష్టపు కరెంటోళ్లు" అన్నాడు. ఆ రాత్రి తినలేదు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కరెంటోళ్ల మీద, గాలి మీద, దేశంలోని చేపల పిచ్చోళ్లందరి మీద. ఆ వారమంతా నాయన మంచం మీదే ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. బంతి వెతికి తెచ్చి ఇచ్చాను, ఈసారి పిల్లి మీదికి విసరను కూడా లేదు. కొత్త చేపలు తెస్తానంటే తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చంపడానికా అని నాకే అనిపించి ఊరుకున్నాను. తొట్టె కడిగి పెరట్లో బోర్లించాను. కోడిపిల్లల్ని పెట్టుకుంటానని ఖాలా అడిగితే తీసుకుపొమ్మన్నాను. డాక్టరు అన్నంత పనీ జరగబోతోందని రోజూ స్కూల్లో కూడా అదే దిగులు. బోర్డు మీద లెక్క సగం వేసి మర్చిపోయేదాన్ని.

ఆదివారం వచ్చింది. ఇక ఆత్మకూరుతో నాకేం పని? బట్టలు నానబెట్టి, సబ్బు పట్టుకుని పెరట్లో కూర్చున్నాను. కాసేపటికి వెనక గడప దగ్గర చప్పుడైంది. నాయన ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు.

"బస్సు టైమైంది. ఇంకా ఉతుకుతా ఉండావేంది?"

"దేనికి పోవాల నాయనా? చేపలే లేవు గదా."

"చేపల కోసరమా పోయేది? ఆ మద్రాసామె కోడలు వచ్చినాక ఏమైందో తెలియాల గదా. నేనూ వస్తా. చెంబు మాట చెప్పింది గదా ఆమె, ఆమెకు నేను చెప్పాల."

"ఏం చెప్తావు?"

"పోసినాను అని చెప్తా. బతకలేదు, అయినా పోసినాను అని."

నాకు విసుగు ముంచుకొచ్చింది. ఈ మనిషిని బస్సు ఎలా ఎక్కించడం, ఎలా దించడం, ఇదంతా ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ కోసం! "నీకేమన్నా పిచ్చా నాయనా?" అంటూ సబ్బు చేతుల్తోనే లేచి దగ్గరికి పోయాను. అప్పుడు చూశాను. పక్షవాతం వచ్చిన నాటి నుంచీ ఆయన చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. ఆ పొద్దున నేను పెట్టలేదు. పైనుంచి కిందిదాకా అన్నీ పెట్టి ఉన్నాయి, ఒకటి మాత్రం తప్పు కాజాలో దూరి, చొక్కా ఒకపక్కకు ఎత్తుకుపోయింది.

"ఎవరు పెట్టినారు? ఖాలా వచ్చిందా?"

"ఖాలా ఎందుకు పెడతాది" అన్నాడు చిరాగ్గా.

"ఒకటి తప్పు పెట్టినావు" అని దాన్ని సరిచేయబోయాను. నాయన నా చెయ్యి పక్కకు తోసేశాడు, కుడిచేత్తో.