మేక ముట్టని వీడ్కోలు

మా కెమిస్ట్రీ సారు పోయారు. ఉదయగిరిలో, సొంత ఇంట్లో, నిద్రలోనే పోయారు. ఈ కబురు నాకు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అందింది. పైన ఎవరో పెట్టిన గులాబీ పువ్వు గుడ్ మార్నింగ్, కింద ఎవరిదో ప్లాటు అమ్మకం ప్రకటన, మధ్యలో మా సారు.

గ్రూపు వెంటనే దుఃఖసాగరంలో మునిగింది. మునిగి తేలి ఒక తీర్మానం చేసింది. ఆత్మకూరులో చెప్పి, థర్మాకోల్‌తో ‘కన్నీటి వీడ్కోలు’ అని నడుమెత్తు అక్షరాలు కోయించాలట. రిటైరయ్యాక మిగిలిన ఏళ్లన్నీ థర్మాకోల్‌ను వీధి దాటించడానికే వెచ్చించిన మనిషికి, థర్మాకోల్ అక్షరాలు. నేను వద్దని రాశాను. ‘తెల్లగా నీట్‌గా ఉంటది బ్రో’ అని జవాబు వచ్చింది, పక్కన ఏడ్చే బొమ్మతో. నాకు ఏడుపు రాలేదు.

సారు ఆత్మకూరు కాలేజీలో మాకు పాఠం చెప్పారు. రోజూ ఉదయగిరి నుంచి బస్సులో వచ్చేవారు. కొత్త టీవీ వచ్చిన ఇంటి ముందు తెల్ల ముక్కలు కనిపిస్తే ముక్కు మూసుకుని నడిచేవారు. దానికి వాసన లేదు కద సార్ అంటే, “కంపు కొట్టేదైతే ఎప్పుడో ఒకనాటికి కుళ్లుతాదిరా. ఇది కుళ్లదు. అదే దీని రోగం” అనేవారు. ఆ మాట విన్నప్పటినుంచి, చేపల పెట్టె పగిలి కాలువలో తేలే తెల్ల పూసలను చూస్తే నాకు అన్నంలో పురుగు కనిపించినట్టే ఉంటుంది. ఆయన నాకు నేర్పిన కెమిస్ట్రీలో మిగిలింది ఈ అసహ్యమే.

సారు ఇంటికి ఎదురుగా గరిటెల అక్క ఉంటుంది. కొండ చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కి హైదరాబాదులో ఒక అంగడికి పంపుతుంది. సారు రిటైరైన కొత్తలో, ఆమె గరిటెలను థర్మాకోల్‌లో సర్దుతుంటే చూశారు.

“ఏందమ్మా ఇది? చెట్టుతో గరిటె చేసి, దానికి ఆ దరిద్రం తొడుగుతా ఉండావు?”

“నేనేం చేసేది సారూ. కాడ ఇరిగిందంటే అంగడాయన సరుకంతా వాపసు కొడతాడు.”

“ఇరగకుండా నేను జేస్తా ఉండు.”

అంతే. అక్క గరిటెలు మట్టిలో కలిసే పెట్టెలో వెళ్లాలి, కాడ విరగకుండా చేరాలి. ఆయనకు ఇక ఇంకో కోరిక లేదు.

పొలం గట్ల మీది కిత్తనార మట్టలు కోయించి తొట్టిలో నానబెట్టారు. డిగ్రీ చేతికొచ్చి ఖాళీగా ఉన్న మేధావిని కాబట్టి సారు నన్ను ఉదయగిరికి పిలిపించుకున్నారు, మురిగిన మట్టలను చితక్కొట్టి నార తీసే గౌరవం నాకు దక్కింది. మోచేతుల దాకా దురద. కంపు సంగతికొస్తే, చచ్చిన పందికొక్కు కూడా అంత నిజాయితీగా కంపు కొట్టదు. సారు భార్యను మేం అమ్మ అంటాం. ఆమె కొంగు ముక్కుకు కట్టుకుని, “పెళ్లప్పుడు కెమిస్ట్రీ అని చెప్పినారు గానీ, ఇదని చెప్పలేదురా” అనేది.

నారను తుంచి, చెనక్కాయ పొట్టు, అక్క ఇంటి రంపపు పొట్టు కలిపి, చింతగింజల జిగురుతో మెత్తి, అచ్చుల్లో ఒత్తి ఆరబెట్టాం. గరిటె ఒదిగేలా గుంటలున్న పళ్లాలు తయారయ్యాయి. మొదటివాటికి బూజు పట్టి, ముసలి పిల్లులకు మొలిచినట్టు బొచ్చు మొలిచింది. బూజు ఆగాలని సారు జిగురులో ఉప్పు కలిపారు. కెమిస్ట్రీ ప్రకారం అది సరైనదే. కానీ ఆరబెట్టింది మేకల మామ మంద వెళ్లే వీధిలో. మేం టీ తాగి వచ్చేసరికి పళ్లాల్లేవు. మేకలున్నాయి, తృప్తిగా ఉన్నాయి.

మేకల మామ తీరిగ్గా చెప్పాడు: “సారూ, చెనక్కాయ పొట్టు, చింతగింజ, ఉప్పు. దీన్ని మేం దాణా అంటాం. మీరేమంటారో నాకు తెలీదు.”

వీధి వీధంతా నవ్వింది. సారు మాత్రం ఊడిపోయిన పరువును వెతుక్కోకుండా, నమిలే మేకనే చూస్తూ నిలబడ్డారు. ఉప్పు తీసేద్దాం సార్ అన్నాను.

“ఎందుకురా? మేడ మీద ఆరబెడితే సరిపాయె. పని తీరినాక మేక తినేస్తే అంతకన్నా ఏం గావాల? మేక ముట్టనిది మనమెందుకురా చేసేది?”

నేనెరిగి ఆయన పొంగిపోయింది ఆ ఒక్కసారే. అప్పటినుంచి పళ్లాలు మేడెక్కాయి, కాడకు సరిపోయే గుంట కుదరడానికి మాత్రం ఏళ్లు పట్టింది. మొన్న పొడి ఎండల్లో కటకటలాడేలా ఎండాక, అక్క మొదటిసారి గరిటెలన్నీ వాటిలోనే సర్ది లారీకి వేసింది. అంగడాయన ఏమంటాడోనని సారు రోజూ వీధిలోకి వచ్చి, “ఫోనొచ్చిందా అమ్మా?” అని అక్కను అడిగేవారు. ఫోను రాకముందే పోయారు.

అక్షరాలు ఆత్మకూరు నుంచి టెంపోలో దిగాయి. దారిలో రాసుకుని పూసలు రాలాయి. దింపుతుంటే గాలికి లేచి చాపకు, పూలకు, సారు కనుబొమలకు అంటుకున్నాయి. నేను ఒక్కొక్కటే తీస్తుంటే మళ్లీ అంటుకుంటున్నాయి. గ్రూపు వాళ్లు అక్షరాల పక్కన నిలబడి, విచారంగా ముఖాలు పెట్టి ఫొటో దిగారు. వాంతి చేసుకోవడానికి సభామర్యాద అడ్డొచ్చింది. అమ్మ ఒక్కమాటే అంది: “ఆయన చూస్తే లేచి పీకేస్తాడురా.”

సాగనంపి వచ్చాక అక్క ఫోను మోగింది. హైదరాబాదు అంగడాయన. ఆమె స్పీకర్ పెట్టింది. ఒక్క కాడ కూడా విరగలేదట. ఆ మాట వినాల్సిన మనిషి ఇంట్లో లేడు. “కాకపోతే ఈసారి ఆ తెల్లదే పెట్టండమ్మా, కస్టమర్లకు నీట్‌గా ఉంటుంది” అని కూడా అన్నాడు.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇరగలేదు గదన్నా. ఇంగ నా గరిటెలు ఇందులోనే వస్తాయి. వద్దంటే చెప్పు, వేరే అంగడి చూసుకుంటా.”

సరే పంపండమ్మా అన్నాడు అంగడాయన.

అమ్మ మేడ తాళం ఇచ్చింది. సారు చేతులతో ఒత్తిన ఆఖరి పళ్లాలు ఇంకా పైనే ఉన్నాయి. అక్కా నేనూ దింపుతుంటే ఒకటి జారి, వీధిలో పడి విరిగింది. పక్కనే మురిక్కాలవ అంచున, పని తీరిన అక్షరాలు పడి ఉన్నాయి. మేకల మామ మంద అటుగా వచ్చింది. ఒక ముసలి మేక మొదట ‘వీడ్కోలు’ దగ్గర ఆగి, మూతి పెట్టి వాసన చూసి, తుమ్మింది. తర్వాత విరిగిన పళ్లెం వైపు తిరిగి, గడ్డానికి అంటిన తెల్ల పూసలు ఊగుతుండగా, కళ్లు సగం మూసి నమలడం మొదలుపెట్టింది.