నాలుగో స్టేజీ

నేను చదివింది ఐదో తరగతి వరకే. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమనుకోవద్దు. స్టేజీ అనే మాట గురించి రాయాలనిపించింది.

మా దగ్గర స్టేజీ అంటే బస్సు ఆగే జాగా. బాపు, అంటే మా నాన్న, కట్టంగూర్ స్టేజీలో జామకాయలు అమ్మేవాడు. బస్సు ఆగగానే గంప ఎత్తుకుని, అరుచుకుంటూ కిటికీల వెంట పరుగెత్తేవాడు. ఆ అరుపులకే గొంతు బొంగురుపోయిందనుకున్నాం. మెడ మీద గడ్డ తేలాక పట్నం దవాఖానకు తీసుకుపోయాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది, గొంతు క్యాన్సర్, నాలుగో స్టేజీ అని.

బాపు నా దిక్కు చూసి నవ్వాడు.

"చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూర్. నాలుగోది మనదే గదనే బిడ్డా!"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. పట్నం నుంచి వస్తుంటే మా ఊరు నాలుగో స్టేజీ అని నేను విప్పి చెప్పాను. ఆమె నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"గట్లనే అనుకో పెద్దాయనా. గొంతుల గడ్డ పుట్టిన కాడ్నే చిన్నగ ఉంటే ఒకటి. జర పెరిగితే రెండు. మెడల బిళ్లకు పాకితే మూడు. నీది ఊపిరితిత్తులల్లకు పోయింది. గందుకే నాలుగు."

"నొప్పి లేదు గదమ్మా. బువ్వ తింటున్న. గిట్లుంటే నాలుగెట్లయితది?"

"నొప్పిని బట్టి గాదు. అది ఎంత దూరం పోయిందో దాన్ని బట్టి."

"మరి ఐదోదేది?"

"ఐదు లేదు."

"మందులకు పోతదా అమ్మా?" అని నేనడిగాను.

"కొన్నాళ్లు ఆపుతం. పూర్తిగ పోదు."

తిరుగు బస్సులో బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు. చౌటుప్పల్ దాటింది. చిట్యాల దాటింది. నార్కట్‌పల్లి దాటాక నా చెయ్యి పట్టుకున్నాడు.

మేం దిగేసరికి, బాపు గంప చూసుకుంటున్న పల్లీలాయన ఎదురొచ్చాడు.

"ఏమన్నరే మామా?"

"నాలుగో స్టేజట."

"నాలుగేనా! గింతదానికే మొఖం గట్ల వెట్టినవ్? సూర్యాపేట దాక ఇంకెన్ని లేవు!"

"ఔనురా, ఉన్నయి" అన్నాడు బాపు.

అంతలో ఇంకో బస్సు వచ్చి ఆగింది. బాపు గంప వైపు వంగి, ఆగి, దాన్ని నా చేతుల్లో పెట్టాడు.

"కిటికీల కాడికి జర ఎత్తిపట్టు బిడ్డా. ఊకె అరవకు. గొంతు పోతది."