గడ్డిల దొరికిన తెల్లబంతి

నేను సిరిసిల్ల నేతగాన్ని. అమెరికాల రిటైరైన ముసలోళ్లే ఉండే ఒక పెద్ద ఊరికి, మగ్గం నడిపి చూపెట్టుమని పిలిస్తే పోయిన. ఆ ఊర్ల ఎటు చూసినా గోల్ఫ్ మైదానాలే.

మగ్గం నడిపి చూపెట్టిన తెల్లారి పొద్దుగాల నడుసుకుంట పోతుంటే, ఒక ముసలమ్మ చెట్లకింద ఏందో దేవులాడుతున్నది. తెగిన పోగును పట్టే కండ్లాయె నాయి. పొడుగు గడ్డిల తెల్లబంతి కనవడ్డది. గబుక్కున తీసి రెండు చేతులతోని ఇచ్చిన. ఆమె బిత్తరపోయింది. బంతి పడ్డకాడి నుంచే కొట్టాలట, ఎవ్వలు ముట్టద్దట. ఆమె పోయి నన్ను పిలిపిచ్చుకున్నోళ్లకు చెప్తే, వాపస్ ఇంటికి తోలిస్తరేమో అనుకున్న.

ఆమె నవ్వింది. "బయటోళ్లు తీస్తే ఎవ్వల తప్పు గాదు. ఎక్కడుండె?"

పానం నిమ్మళమైంది. ఎండాకు పక్కపొంటి, రెండు వేళ్ల దూరంల ఉండె. సరిగ్గ చూపెట్టిన. కని ఆ గడ్డిల నుంచి కొట్టుడు కష్టం.

"అమ్మా, ఎవ్వలు చూస్తలేరు. జర మంచిగున్నకాడ పెట్టుకోరాదు?" అన్న, నాకొచ్చిన ఇంగ్లిషుల.

ఆమె నేను చూపెట్టినకాడనే పెట్టింది. "నిన్న నీ మగ్గం చూసిన. పోగు తెగితే ఎక్కడ అతికినవు?"

తెగినకాడనే. అదే చెప్పిన.