కల్వర్టులోకి పంపిన బొమ్మ లారీ

2007 ఆగస్టులో నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీవాళ్ల సున్నపురాయి గనిలో మైన్స్ మేనేజరుగా ఉన్నాను. పేరు పెద్దదే కానీ ఆ ఉద్యోగం సారాంశం ఒక్కటే: గనిలో ఎవరికి ఏం జరిగినా మొదటి సంజాయిషీ మేనేజరే ఇచ్చుకోవాలి. ఫ్యాక్టరీలో జనరల్ మేనేజరు మా అందరికీ పైవాడు. అయితే ఒక మనిషిని ఫలానా చోటికి పంపవచ్చా లేదా అన్న విషయంలో మాత్రం చట్టం ఆయనను అడగదు, నన్నే అడుగుతుంది. ఈ ఏర్పాటు ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు.

ఆ నెల మొదట్లో రెండు రోజులు గట్టి వాన కురిసింది. మా వైపు వాన పడటమే ఒక వార్త. అది వెలిశాక హాల్ రోడ్డుకు ఒక పక్కన నీళ్లు నిలిచిపోయాయి. హాల్ రోడ్డంటే రాయి నింపుకున్న డంపర్లు గనిలోంచి క్రషర్‌కు పోయే బాట. దాని అడుగున అరవై అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఉన్న పాత కల్వర్టు ఒకటి ఉంది, నీళ్లు అవతలికి పోయేందుకు కట్టినది. రాతి గోడలు, పైన కాంక్రీటు పలకలు. నీళ్లు తోడించి టార్చి వేసి చూస్తే మధ్యలో రాళ్ల కుప్ప అడ్డంగా కనిపించింది. ఆ రాళ్లు వానకు కొట్టుకొచ్చినవా, కప్పు నుంచి ఊడిపడినవా అన్నది ప్రశ్న. కొట్టుకొచ్చినవైతే తీసేస్తే సరిపోతుంది. ఊడిపడినవైతే ఆ పలకల మీదుగా పోయే డంపరు ఏదో ఒక రోజు డ్రైవరుతో సహా కిందికి దిగుతుంది.

కప్పు సంగతి తెలియాలంటే కుప్ప అవతలికి పోయి చూడాలి. పరీక్షించని కప్పు కిందికి మనిషిని పంపకూడదని నియమం. పంపకుండా పరీక్షించేదెట్లా అన్నది నియమంలో లేదు. నేను రోడ్డు మూయించి డంపర్లను చుట్టుదారిన తిప్పాను. పైనుంచి తవ్వి చూద్దామంటే, అనుమానంతో మంచి రోడ్డును పాడుచేస్తారా అని జనరల్ మేనేజరు ఒప్పుకోలేదు. పది రోజుల్లో ఏదో ఒకటి తేల్చమన్నారు.

మా వర్క్‌షాపులో మస్తాన్ వలీ అని సీనియర్ ఫిట్టరు ఉండేవాడు. యాభై దాటినవాడు, సన్నటి మనిషి. గనికి రాకముందు కడపలో లారీల అడుగున బరువు మోసే కమాను పట్టీలు కట్టే షెడ్డులో చాలా ఏళ్లు పనిచేశాడు. తాను పాకుతూ పోయి చూసి వస్తానని మొదటి రోజే అడిగాడు. కాదన్నాను. రెండో రోజూ అడిగాడు. అతని నోరు మూయించడానికే అనుకుంటాను, నాకు సెట్టి అటక మీది బొమ్మ లారీ గుర్తొచ్చింది. మనిషికి బదులు దాని నెత్తిన కెమెరా కట్టి పంపవచ్చు.

సెట్టి ఎర్రగుంట్లలో ఇనుప సామాన్ల అంగడి యజమాని. వాళ్ల బావమరిది కువైట్ నుంచి వస్తూ ఒక రిమోటు లారీ తెచ్చాడు. మూర పొడవు, నాలుగు చక్రాలకూ మోటారు పట్టు, నిజం లారీకి ఉన్నట్టే ముందూ వెనకా ఇరుసులు. అక్కడ ఎవరో వాడి వదిలేసినది. అంగట్లో దాన్ని ఒకసారి నడిపితే మేకుల డబ్బాల వరుస అంతా కూల్చిందని అటకెక్కించారు. నేను అడిగితే సెట్టి కిందికి దించి దుమ్ము దులిపి ఇస్తూ, "ఏమప్పా ఇంజనీరూ, ఈ వయసులో దీంతో ఏం చేస్తావో చెయ్యి, మళ్లీ నా బండి నాకు ఇట్లే రావల్ల" అన్నాడు. సరేనన్నాను.

వర్క్‌షాపు వెనక నాపరాతి ముక్కలతో ఒక కుప్ప పోయించి దాని మీద ప్రయత్నాలు మొదలుపెట్టాం. నిజం చెప్పాలంటే ఆ వారం రోజులు నేను మేనేజరునన్న సంగతే మరిచిపోయాను. బండి తెచ్చింది తెచ్చినట్టే నడిపితే రాయికి తగిలి పల్టీ కొట్టింది. అది పరుగుకు చేసిన బండి, మాకు కావలసింది నడక. మోటారు మీది పళ్లచక్రం తీసి చిన్నది వేశాం. వేగం పడిపోయి బలం పెరిగింది. తరువాత డిఫరెన్షియల్. మలుపులో రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరగడానికి ఇరుసు మధ్యన ఉండే పళ్ల పెట్టె అది. రాళ్లలో ఒక చక్రం గాలిలోకి లేచిందంటే బలమంతా దానికే పోయి అది ఊరికే గిరగిరా తిరుగుతుంది, నేల మీది చక్రం చూస్తూ కూర్చుంటుంది. మస్తాన్ ఆ పళ్ల మధ్య ఎపాక్సీ జిగురు ముద్ద కూరి రెండు చక్రాలనూ ఒకటి చేశాడు.

ఆపైన మేమిద్దరం కలిసి ఒక పెద్ద పొరపాటు చేశాం. దాన్ని లారీల ఊరివాళ్లే చేయగలరు. మా వైపు లారీ షెడ్డుకు వస్తే మొదటి మాట, ఇంకొక కమాను పట్టీ ఎక్కించమని. సిమెంటు బస్తాలు మోయాలి కదా, ఎంత బిర్రుగా ఉంటే అంత మంచిది. బరువు వెనక ఇరుసు మీద, టైర్లలో గాలి రాయిలాగా. మస్తాన్ చెయ్యి అట్లాగే పోయింది, నేనూ తలూపాను. గట్టి స్ప్రింగులు వేసి, బ్యాటరీ సెల్లు వెనక బిగించి, టైర్లలో స్పాంజి దట్టంగా కూరి వదిలితే బండి కుప్ప మీద మూడు కాళ్ల బల్లలాగా నిలబడింది. ఎప్పుడు చూసినా ఒక చక్రం గాలిలోనే. మూడు రోజులు ఆ స్ప్రింగులను ఇంకా గట్టివి చేస్తూ పోయాం.

నాలుగో రోజు నేను సెలవు పెట్టి కోయిలకుంట్లకు, మా ఊరి చేనికి పోయాను. మావాళ్ల ట్రాక్టరు గట్టు దాటుతుంటే దాని ముందు ఇరుసు మీద కన్ను పడింది. ముప్పై ఏళ్లు చూసినదే, ఎప్పుడూ చూడనట్టు చూశాను. ఆ ఇరుసుకు పట్టీలు లేవు, స్ప్రింగులు లేవు. మధ్యలో ఒకే పిన్ను మీద త్రాసు కాడ మాదిరి ఊగుతుంది. ఒక చక్రం గట్టెక్కితే రెండోది కాలువలోకి దిగుతుంది, నాలుగూ నేలను వదలవు. సాయంత్రానికల్లా ఎర్రగుంట్లకు తిరిగొచ్చేశాను. మస్తాన్ విని, "మనం బరువు మోసే బండిని చేస్తాండాము సార్, ఇది మోసేది ఏముండాది" అన్నాడు. ముందు ఇరుసు స్ప్రింగులు పీకేసి దాన్ని నడిమధ్యన ఒకే బోల్టు మీద నిలిపాడు. సెల్లు ముందుకు జరిపాం. టైర్లలో స్పాంజి సగం తీసి, లారీ చక్రాలకు బ్యాలెన్సింగుకు కొట్టే సీసం ముక్కలు, బరువు అడుగున ఉండేలా, లోపల అతికించాం. ఆ మరుసటి రోజు బండి కుప్పనెక్కి అవతలికి దిగింది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

తొమ్మిదో రోజు ఉదయం కల్వర్టు దగ్గరికి చేరాం. బండి నెత్తిన రెండు చిన్న టార్చీలు, కప్పు కనిపించేలా కాస్త పైకి ఎత్తి కట్టిన డిజిటల్ కెమెరా. బొమ్మలు పడేది కెమెరాలోని కార్డులోనే, బయటికి ఏమీ కనిపించదు. వెనక తాడు కడదామని మస్తాన్ అన్నాడు. తాడు రాళ్ల సందుల్లో ఇరుక్కుని బండిని ఆపేస్తుందని వద్దన్నది నేనే.

బండి రాయీ రాయీ తడుముకుంటూ కుప్పనెక్కింది, అవతలికి దిగింది. కప్పు మీద దాని వెలుతురు మాత్రం కదులుతూ కనిపించింది. అక్కడ తిప్పి మళ్లీ కుప్ప శిఖరానికి తెచ్చాను. ఇవతలి వాలులో నాలుగు జానలు దిగి, ముక్కు మావైపు పెట్టి ఆగిపోయింది. సెల్లు అయిపోయింది. కల్వర్టు నోటి నుంచి ఇరవై ఐదు అడుగులు. మాకు కావలసిన జవాబు దాని నెత్తిన ఉంది.

ఎవరూ లోపలికి పోకూడదని చెప్పాను. పైపులు కలిపి కొక్కెం కట్టి లాగుదామని, మస్తాన్ కాక అక్కడున్న ఇద్దరినీ వర్క్‌షాపుకు పంపాను. ఇంతలో జనరల్ మేనేజరు ఫోనులో ఉన్నారని కబురొస్తే గట్టు మీది ఆఫీసుకు ఎక్కాను. బొమ్మ కారు కోసం ఫ్యాక్టరీని ఆపుతారా అని ఆయన చాలాసేపు మాట్లాడారు. నేను తిరిగి వచ్చేసరికి మస్తాన్ కల్వర్టు నోటికి దూరంగా, ఎండలో నిలబడి ఉన్నాడు.

"పైపులు వద్దు సార్. పైనుంచి సన్నంగా దుమ్ము రాలతాండాది. ఎవురినీ దగ్గరికి రానీయద్దండి" అన్నాడు.

నేను వంగి చూశాను. నోటి దగ్గర నాకు దుమ్మేమీ కనిపించలేదు. అయినా అందరినీ వెనక్కి పంపి, పరీక్ష పూర్తి కాలేదని, కప్పు ప్రమాదకరమని భావించి పైనుంచి తవ్వాలని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. కెమెరా తీసిన బొమ్మ ఏదీ చేతిలో లేకుండా పెట్టిన సంతకం అది. అనుమానం తప్పయితే ఎర్రగుంట్లలో నేనుండే చివరి నెల అదేనని జనరల్ మేనేజరు మర్యాదగానే తెలియజేశారు.

మరుసటి రోజు ఎక్స్‌కవేటరును పక్కన గట్టి నేల మీద నిలిపి మట్టి తీయించాం. రెండో బకెట్టు ఎత్తగానే మధ్య పలకలు మూడు ఒక్కసారిగా లోపలికి కూలాయి. ఆ రోడ్డు గురించి జనరల్ మేనేజరు మళ్లీ మాట్లాడలేదు. శిథిలాలు తీస్తే బండి అప్పడమై దొరికింది. కెమెరా పగిలింది కానీ కార్డు బాగానే ఉంది.

ఆఫీసు కంప్యూటరులో నేనూ మస్తానూ కూర్చుని చూశాం. కుప్ప అవతల పలకల్లో చీలికలు, తుప్పు పట్టి వేలాడే కమ్మీలు స్పష్టంగా ఉన్నాయి. తరువాత బండి ఆగిపోయింది. ముక్కు కిందికి వాలడంతో కెమెరా సరిగ్గా కల్వర్టు నోటికి ఎదురైంది. కదలని ఆ బొమ్మను ఆపేయబోతుంటే నోటి దగ్గర వెలుతురుకు ఏదో అడ్డమొచ్చింది. మస్తాన్. మోచేతుల మీద లోపలికి పాకుతున్నాడు. సగం దూరం వచ్చి ఆగాడు. టార్చి కప్పు వైపు ఎత్తాడు. అతనికీ బండికీ మధ్య దుమ్ము సన్నటి ధారగా పడుతోంది. కాసేపు అట్లాగే చూసి, మెల్లగా వెనక్కి పాకుతూ పోయాడు. నేను గట్టు మీద ఫోను పట్టుకుని ఉన్న సమయం అది.

మస్తాన్ తల వంచుకునే చెప్పాడు. "పోయింది నిజమే సార్. వారం దినాలు చేతులారా చేసిన బండి. ఆడ ఇడిసిపెట్టబుద్ధి కాలేదు."

అతనికి మెమో ఇవ్వాలి, ఇచ్చాను. అదే ఫైలులో దాని కింద నా పేరున ఇంకొకటి రాసుకున్నాను. మనిషి పోకూడదని యంత్రాన్ని చేశాను. యంత్రం ఆగితే దాని కోసం మనిషి పోతాడన్నది నా లెక్కలో లేదు. సెట్టికి ఆ అప్పడాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చి జరిగింది చెప్పాను. అతడు దాన్ని మళ్లీ అటక మీద పెట్టాడు.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా, ఏ పనిముట్టునైనా పరీక్షించని చోటికి పంపే ప్రతి కాగితం మీదా మొదటి వరుస ఒకటే ఉండేది: ఇది లోపల ఆగిపోతే అక్కడే వదిలేయాలి. ఆ వరుస చదివి వినిపించి, అక్కడున్న అందరి చేతా సంతకం చేయించాకే స్విచ్చి వేసేవాళ్లం. మొదటి సంతకం మస్తాన్ చేత పెట్టించేవాణ్ణి, రెండోది నాది.