దండాసి గారి పట్టాలు

దండాసి గారు ట్వంటే ఊరి దగ్గర, పరదేశానికి వలస వచ్చిన తెలుగువాళ్ల పల్లెబడిలో నాలుగో తరగతి దాకా తెలుగు చదివి, పదహారో ఏట రైలు దారి బాగుచేసే గ్యాంగులో చేరారు. వానకు కుంగిన రైలు కట్టను పొద్దు గుంకేలోపు నిలబెట్టిన మనిషి. నలభై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక్క చీవాట్ల కాగితం అందుకోలేదు. రిటైరై ఇంట కూర్చున్న నెలకే, నగరంలో నది వెంట ఉన్న స్ట్రాండ్ రోడ్డు మీద ట్రామ్ వెయ్యాలనుకున్న రైల్వేవాళ్లు పట్టాల పనికి మనిషిని పంపి పిలిపించారు. అందరికీ దక్కే మర్యాదా అది!

జపాను నుంచి వచ్చిన ఆ బండి చక్రాల మధ్య వెడల్పు వేరు. పాత గూడ్సు లైనును దానికి సరిపడా సర్దిన ముఠాకు మేస్త్రీ ఆయనే. రెండు వేల పదహారు జనవరిలో ట్రామ్ కదిలింది. జనం ఎక్కక ఆరు నెలలకే ఆగింది. అందులో పట్టాల తప్పేమీ లేదు.

ఈ ఏడు నగరం నడుమ చౌక్తడా పేటలో తెలుగు సంఘం వాళ్లు పెద్దల విశేషాలతో పుస్తకం వేస్తున్నారు. అందులో తనకో పేజీ ఉండాలని దండాసి గారి కోరిక. సంఘం ఇచ్చిన కాగితాన్ని సొంత చేత్తో నింపి, నది అవతలి దలా నుంచి పడవలో రేవు దాటి వచ్చి, సంఘం గదిలో పుస్తకం పని చూసే గంగాభవానికి ఇచ్చారు. "పట్టాలు" అన్న గడిలో ఇలా ఉంది: "ఉన్నాయి. స్ట్రాండ్ రోడ్డు."

గంగాభవాని నవ్వు ఆపుకుంది.

"తాతా, పట్టాలంటే చదువువి. బీయే, ఎమ్మే లాటివి. అవి ఉన్నోళ్లకే పేజీ. మిగతావోళ్లకి ఆకర్న ఉట్టి పేరే."

పక్కనే ఉన్న రిటైర్డ్ గుమస్తా బాపిరాజు పగలబడి నవ్వాడు. అతనికి రెండు పట్టాలు.

"ఏటి దండాసీ, ఇనప పట్టాలు రాసీసినావా? పటం కట్టించి గోడకి తగిలిస్తావేటి?"

దండాసి గారి చెవులు ఎర్రబడ్డాయి. పేజీ పోయినట్టే అనిపించింది. అయినా తగ్గలేదు.

"నీవి ఎక్కడున్నాయి బాపిరాజూ?"

"బీరువాలో."

"మరి వాటిమీద ఎవుడైనా ఎక్కినాడేటి? నా వాటిమీద జపాను బండెక్కింది. ఆరు నెల్లు తిరిగింది!"

గదిలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. బాపిరాజు కూడా కళ్లు తుడుచుకుంటూ, "ఓడిపోనాన్రా బావూ! అమ్మా, ఈడికి పేజీ ఇచ్చీ," అన్నాడు.

గంగాభవాని కలం తీసింది.

"నీ పేజీలో ఆరు నెలలే అని కూడా రాయాలి తాతా. పరవాలేదా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"రాయమ్మా. బండి ఒక్కనాడూ పట్టా తప్పలేదని కూడా రాయి. మేస్త్రీ పేరు పెద్దచ్చరాల్లో ఎయ్యి."

గడి చాలలేదు. ఆమె కాగితం తిరగేసి రాసుకుంది.